గళ్ల తువ్వాలలో సగం

కారు ఆగింది కానీ ఇంజను ఆగలేదు. నాకు మొదట భయం వేసింది అప్పుడే. అప్పటికింకా ఎవరూ దిగలేదు, ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

మా ఇంటి ముందు కార్లు ఆగడం కొత్త కాదు. మా మామ ఇబ్రహీంపట్నం కోర్టులో వకీలు. వచ్చినవాళ్లు ఇంజను ఆపి దిగుతారు, అరుగు కింద చెప్పులు విప్పుతారు, "వకీల్ సాబ్ ఉన్నడా?" అని అడుగుతారు. ఈ తెల్ల కారు మాత్రం గేటు ముందు గుర్రుమంటూనే ఉంది. నేను అరుగు మీద కూర్చుని పిల్లల యూనిఫాంలు మడతపెడుతున్నాను. ఐదేళ్ల మా బాబు గేటుకు వేలాడుతున్నాడు. కారు అద్దం దిగింది. లోపలి మనిషి నా వైపు చూడలేదు, వాడిని చూసి నవ్వాడు.

"ఏం చిన్నా, పదిహేడో నంబర్ బస్సేనా నీది?"

"అవ్. నీకెట్ల తెల్సు?"

"నాకన్ని తెల్సు. మీ అక్క మూడో సీట్ల కూసుంటది గదా, కిటికి పక్కకు."

వాడికి అదొక గారడీలా అనిపించి కిలకిలా నవ్వాడు. నేను చేతిలో బట్టలు అక్కడే పడేసి, వాడిని చంకన వేసుకుని లోపలికి పరుగెత్తాను. మా పాప లోపల హోంవర్క్ చేసుకుంటోంది. తలుపు వేసి గడియ పెట్టాను. సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లు. మా అత్తమ్మ పోయిన రోజు తప్ప, పగటిపూట ఆ తలుపు మూయడం అంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు మూసింది నేనే.

వాళ్లు దేనికోసం వచ్చారో చెప్పాలంటే మా మామ గురించి కొంచెం చెప్పాలి.

వాళ్ల ఇంట్లో తరతరాలుగా వ్యవసాయమే. లా చదివిన మొదటి మనిషి ఆయన. కోర్టు ఆవరణలో మొదటి రెండేళ్లు ఆయనకు బల్ల కూడా లేదట. రేకు పెట్టె బోర్లించి దాని మీదే అర్జీలు రాసేవాడు. ఫీజు ఇవ్వలేనివాళ్లు సీతాఫలాలో, బియ్యమో తెచ్చేవాళ్లు. ఇప్పుడు లేని మా అత్తమ్మ ఈ సంగతి చెప్పి నవ్వేది: "కేసు గెలిస్తె కోడి, ఓడితె కోడిగుడ్లు. మొదట్ల మేం గుడ్లే ఎక్కువ తిన్నం."

తర్వాత జనమే ఆయనను జడ్జిని చేశారు. ప్రభుత్వం ఇచ్చిన పదవి కాదు. వాయిదాలు తిరిగి తిరిగి విసిగినవాళ్లు ఆదివారం మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. ఆయన ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టేవాడు. గెట్టు తగాదా అయితే మగవాళ్ల మాట కాసేపు విని, "ఆడోళ్లను తీస్కరాపొండ్రి" అని పంపేవాడు. పొద్దున్నే గెట్టు మీద గడ్డి కోసేది వాళ్లే కాబట్టి హద్దురాయి ఎప్పుడు జరిగిందో వాళ్లకే తెలుసని ఆయన నమ్మకం. తీర్పు చెప్పేముందు ఓడబోయే మనిషికి ముందుగా చాయ్ ఇప్పించేవాడు. ఆ సంగతి ఊరందరికీ తెలిసిపోయాక, చాయ్ గ్లాసు ముందు తన దగ్గరికే రావడం చూసి ఒకాయన, "నాకొద్దు సాబ్, షుగరుంది" అని లేచిపోయాడట.

ఆ తర్వాత భూముల కాలం వచ్చింది. రింగు రోడ్డు వస్తుందన్నారు, విమానాశ్రయం దగ్గరవుతుందన్నారు, కంపెనీలు వస్తాయన్నారు. నిన్నటిదాకా జొన్న వేసిన చేలల్లో తెల్ల సున్నం పూసిన రాళ్లు లేచాయి. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మేవాళ్లు, ఇళ్లలోంచి పాస్‌బుక్కులు మాయం చేసేవాళ్లు తయారయ్యారు. మా మామ కూడా మోసపోయాడు. జల్‌పల్లి వైపు ఆయన కొన్న ప్లాటుకు అప్పటికే ఇద్దరు యజమానులున్నారు. అరుగు మీద ఊరికి న్యాయం చెప్పే మనిషి ఆ విషయం మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు జనం ఆయనను బ్యాంకు చేశారు. భూమి బేరం కుదిరి, రిజిస్ట్రేషన్‌కు ఇంకా గడువు ఉన్నప్పుడు, పాస్‌బుక్కు కొనేవాడికి ఇవ్వాలంటే అమ్మేవాడికి భయం, అమ్మేవాడి దగ్గర ఉంచాలంటే కొనేవాడికి భయం. అందుకని ఇద్దరూ కలిసి వచ్చి ఆ కాగితాలు మా ఇంట్లో పెట్టేవాళ్లు. బియ్యం డ్రమ్ము పక్కన ఉన్న ఆకుపచ్చ బీరువాయే ఆ బ్యాంకు. మామ రసీదు రాసేవాడు కాదు, మూట మీద పేరు కూడా రాసేవాడు కాదు. అమ్మేవాళ్లు తమ ఇంట్లోంచి ఒక గుడ్డ తేవాలి. దాన్ని రెండుగా చింపి, ఒక సగంలో కాగితాలు కట్టి ఇద్దరి చేతా చెరో ముడి వేయించేవాడు. రెండో సగం అమ్మేవాళ్లు ఇంటికి తీసుకుపోవాలి. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముందు చిరుగు అంచులు కలిపి చూసేవాడు. అవి కలిసినా సరే, ఇద్దరూ అరుగు మీద ఉంటేనే ముడి విప్పేవాడు. ఇదంతా తలుపు బార్లా తీసి, దారిన పోయేవాళ్లు చూస్తుండగా జరిగేది.

నేను మీర్‌పేట్‌లో పెరిగినదాన్ని. ఇంటి గోడకు గోడ తగిలే కాలనీ. మేము గ్రిల్ గేటుకు తాళం వేసుకునే కూరగాయలు తరిగేవాళ్లం. బీకాం చదివాను, రసీదు లేని లావాదేవీ అంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ బీరువా చూసినప్పుడల్లా, ఇంతమంది భయాలు తెచ్చి నా పిల్లలు పడుకునే గదిలో పెట్టారే అనుకునేదాన్ని. ఒకసారి మామతో అన్నాను కూడా. "భయమైతది బిడ్డ, నాకు గూడ అయితది" అన్నాడు.

తెల్ల కారు రావడానికి ఎనిమిది రోజుల ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. పట్నంలో దవాఖానలో చేర్చాం. నర్సు ఆయన మొలతాడుకున్న బీరువా తాళంచెవి తీసి నా చేతికి ఇచ్చింది. దాన్ని పిన్నీసుతో నా పుస్తెలతాడుకు తగిలించుకున్నాను. మా ఆయన తండ్రి దగ్గర ఉండిపోయాడు. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ, పదమూడు మూటలూ మిగిలాం.

ఆ రోజు, నేను గడియ పెట్టిన తర్వాత, కారులోని మనిషి తలుపు కొట్టలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నలభై ఏళ్ల మనిషి. గొంతు మెత్తగా ఉంది.

"చెల్లె, భయపడకు. దొంగలం గాదు. వకీల్ సాబ్‌కు బాగలేదని తెల్సి వచ్చినం. ఎట్లుందిప్పుడు?"

"బాగనే ఉంది. రేపో ఎల్లుండో వస్తరు."

"రాడు గదా," అన్నాడు, జాలిపడుతున్నట్టుగా. "మీ బీరువల మా సేటు మూట ఒకటున్నది. గది ఇచ్చేస్తె పోతం."

ఏ మూట అని అడగనక్కర్లేకపోయింది. కొంగరకలాన్ వైపు రెండెకరాలున్న ఒక అవ్వది. కొడుకున్నా, భర్త పోయాక ఒక్కతే టమాట, జొన్న వేసుకుంటుంది. ఈ మనిషి పనిచేసే సేటు కొంత సొమ్ము బయానాగా ముందే ఇచ్చి ఆ భూమికి అగ్రిమెంటు రాయించుకున్నాడు. దసరా లోపల మిగతా సొమ్ము కట్టకపోతే బయానా వదులుకోవాలి, కాగితాలు అవ్వకు తిరిగి వెళ్లిపోవాలి. అతను కట్టలేదు. దసరా దాటి రెండు నెలలైనా మూట విప్పడానికి అరుగు మీదికీ రాలేదు. ఈలోపు అక్కడ ధర ఎన్నో రెట్లు పెరిగింది. మూటలో అవ్వ పాస్‌బుక్కు ఉంది, ఆమె వేలిముద్ర వేసిన అగ్రిమెంటు కాగితం ఉంది, గడువు రాసింది అందులోనే. అవి చేతికొస్తే గడువు మాట ఎత్తేవాళ్లే ఉండరు.

"ఇద్దరూ రావాలి," అన్నాను.

"ముసల్దానికి మోకాళ్ల నొప్పులు. రాలేక గిది పంపింది." ఊచల మధ్య నుంచి ఒక గుడ్డ లోపలికి తోశాడు. ఎరుపు, తెలుపు గళ్ల తువ్వాలలో సగం.

అప్పుడే నేను ఆ తప్పు చేశాను. సగం గుడ్డ చేతికి రాగానే మామ ఏం చేసేవాడో తొమ్మిదేళ్లు చూశాను. మాట ఆపి, బీరువా తెరిచి, మూట తెచ్చి, అంచులు కలిపేవాడు. ఆ ఇంట్లో అది పొద్దున్నే వాకిలి ఊడ్చినంత అలవాటు. నా కాళ్లు నన్ను అడగకుండానే నడిచాయి. తాళం తీశాను, గళ్ల మూట తెచ్చాను, కిటికీ కింద నేల మీద కూర్చుని అంచుకు అంచు ఆనించాను. పోగుకు పోగు కలిసింది. తలెత్తి చూస్తే అతను నన్ను చూడటం లేదు, మూటను చూస్తున్నాడు.

"ఉన్నది గదా," అన్నాడు. "గదే చూద్దామని వచ్చిన. దవాఖానకు తీస్కపోయిన్రేమో, బ్యాంకుల పెట్టిన్రేమో అని మా సేటుకు ఒకటే ఫికర్."

మూట ఇంట్లోనే ఉందనీ, బీరువా ఏదనీ, తాళంచెవి నా మెడలో ఉందనీ అన్నీ నేనే చూపించాను. తువ్వాల తిరిగి ఇవ్వబోయాను.

"ఉంచుకో చెల్లె. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి సేటును తీస్కొని వస్తం. తయారు పెట్టు. పిల్లలు బస్సెక్కి పోయినంక అయితె మంచిగుంటది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఎక్కుతరు గదా?"

కారు వెళ్లిపోయాక కూడా ఆ ఇంజను చప్పుడు నా చెవుల్లో ఆగలేదు. స్టేషన్‌కు పోదామనుకున్నాను. ఏమని చెప్పను? ఒకతను మా వాడి బస్సు నంబరు చెప్పాడనా? నన్ను చెల్లె అని పిలిచాడనా? మా ఆయనకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"ఇచ్చెయ్," అన్నాడు. "మన పిల్లలకంటె ఎక్కువనా గా కాయితాలు? బాపు తర్వాత చూస్కుంటడు."

"మామయ్యను అడుగు."

"వింటనే ఉన్నడు. ఫోను ఆయన చెవి కాడనే పెట్టిన. కండ్లల్ల నీళ్లొస్తున్నయ్. ఏమంటుండో నాకు తెలుస్తలేదు."

మూట తీసి సంచిలో పెట్టాను. తీర్మానం అయిపోయింది. ఇచ్చేస్తాను. అలా అనుకోగానే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తుంటే మా పాప, "మమ్మీ, ముద్ద వణుకుతుంది" అంది.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో ఒక్కసారిగా ఏడుపు వినిపించింది.

"అయ్యో వకీల్ సాబ్! పోయినవా పటేలా! నన్ను మోసం జేసి పోయినవా!"

కిటికీలోంచి చూస్తే అవ్వ. మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది, పక్కన టమాటల సంచి. పరుగున వెళ్లి తలుపు తీశాను.

"అవ్వా, ఏడవకు. బతికే ఉన్నరు. దవాఖానల ఉన్నరు."

ఆమె ఏడుపు ఠక్కున ఆపింది. కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మరి తలుపెందుకు మూసినవే? ముప్పై ఏండ్ల సంది వస్తున్న, ఈ తలుపు మూసుడు ఒక్కపారే చూసిన, మీ అత్త పోయిన్నాడు. నా పానం పోయినంత పనైంది. జర నీళ్లియ్యి."

నీళ్లు తాగాక చెప్పింది. మోకాళ్ల నొప్పులేమీ లేవు, బస్టాండు నుంచి నడిచే వచ్చింది. కొడుక్కి వాళ్లు కొత్త మోటారుసైకిల్ ఆశ పెట్టారు. వాడు ట్రంకు పెట్టెలోంచి సగం తువ్వాల తీసి ఇచ్చేశాడు. మధ్యాహ్నం బట్టలు సర్దుతుంటే అది కనిపించలేదు. "అడిగితె, బండి మీద నిన్ను గూడ తిప్పుత అంటడు. నన్నేడికి తిప్పుతడు, సచ్చినోడు! తిప్పెతందుకు పొలమే లేకపాయె."

నేను కారు సంగతి చెప్పాను. బస్సు నంబరు చెప్పినప్పుడు ఆమె ముఖం మారిపోయింది. మా పిల్లల వైపు చాలాసేపు చూసింది.

"ఇచ్చెయ్ బిడ్డ," అంది. "రెండెకరాలు పోతె పోతయ్. కూలికి పోయి బతుకుత. పసిపోరలు వీళ్లు."

అందరూ ఇచ్చెయ్యమనే అన్నారు. ఆస్తి ఎవరిదో ఆ మనిషే అంది. ఇక నన్ను తప్పుపట్టేవాళ్లు లేరు. ఆమె నా ఒడిలో ఉన్న సగం తువ్వాల తీసుకుంది. అది భర్త పొలంలో తలకు చుట్టుకున్నదట. ముడతలు పోయేలా తొడ మీద పెట్టుకుని అరచేత్తో రాస్తూ కూర్చుంది, ఇస్త్రీ చేస్తున్నట్టు.

అప్పుడు నాకు రెండు సంగతులు తోచాయి. మొదటిది, మూట ఇచ్చినా నా పిల్లల బస్సు నంబరు వాళ్లకు తెలిసే ఉంటుంది. రెండోది, బీరువాలో ఇంకా పన్నెండు మూటలున్నాయి. ఈ కోడలు బెదిరిస్తే ఇస్తుందని ఊళ్లో తెలిస్తే, మూటకొక కారు వస్తుంది.

"వాళ్లు రెండు నెలల సంది పిలిస్తె రాలేదు," అంది అవ్వ, తనలో తాను గొణుక్కుంటున్నట్టు. "రేపు పిలవకున్నా వస్తున్నరు సూడు, దొరలు."

అది విన్నాక లెక్క వేసుకున్నాను. సేటు వస్తాడు. అవ్వ ఇక్కడే ఉంది. రెండు ముళ్ల మనుషులూ ఒకేచోట ఉంటారు. మామ పెట్టిన షరతు అంతే కదా.

"అవ్వా, నువ్వు ఇవ్వాళ ఇంటికి పోకు. ఈడనే పండుకో."

పిల్లల్ని ఆమె దగ్గర వదిలి రోడ్డు దాటాను. ఎదురుగా చాయ్ కొట్టు ఉంది. కోర్టు గుమాస్తాలు, దస్తావేజు రాసేవాళ్లు, పత్రికలు చదివే రిటైరైన టీచర్లు అందరూ పొద్దున ఆ కొట్టు దగ్గరే ఉంటారు. కొట్టు అతనితో చెప్పాను, రేపు తొమ్మిదింటికి మా అరుగు మీద ఒక మూట విప్పుతున్నామని.

"వకీల్ సాబ్ లేకుంటనా? ఎవరు విప్పుతరక్కా?"

"నేను."

అతను గిన్నె దించుతూ, "మొదటి చాయ్ ఎవరికియ్యాలె మరి?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ తర్వాత ఏమైందో మా వీధిలో అందరికీ తెలుసు. అరుగు మీదా కిందా కలిపి నలభై మంది దాకా వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి అందరితో పాటు చెప్పులు విప్పక తప్పలేదు, సేటు అవ్వ పక్కన చాప మీద కూర్చోక తప్పలేదు. గడువు రాసిన వాక్యం నేను పైకి చదివాను. అవ్వ పాస్‌బుక్కు అవ్వ తీసుకుంది. వేలిముద్ర వేసిన కాగితం అందరి ముందూ నాలుగు ముక్కలైంది. సేటు చాయ్ తాగకుండానే లేచాడు.

ఇది ధైర్యం గురించి రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తర్వాత ఏడాదిన్నర పాటు పిల్లల్ని బస్సెక్కించలేదు, నేనే దింపి నేనే తెచ్చుకున్నాను. మిగతా మూటలు ఒక్కొక్కటిగా ఇద్దరిద్దరిని పిలిపించి విప్పేశాను, కొత్తవి ఒప్పుకోలేదు. మామ ఇంటికి వచ్చాక ఖాళీ బీరువా చూసి ఎడమ చేత్తో నా తల మీద తట్టాడు. మెచ్చుకున్నాడో, బాధపడ్డాడో ఈనాటికీ తెలియదు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇప్పుడు కూడా గేటు బయట ఏదో బండి ఆగి ఇంజను ఆగకపోతే నా కలం ఆగిపోతుంది.

కానీ ఇదంతా జరగకముందు, ఆ పొద్దున ఏడున్నరకు, పిల్లలిద్దరూ యూనిఫాం కోసం వెతుక్కుంటున్నారు. పదిహేడో నంబరు బస్సు వచ్చి, హారన్ కొట్టి, మా కోసం చూసి వెళ్లిపోయింది. మా పాప నన్నే చూస్తోంది. ఎప్పుడు ఏం జరిగినా, ఏమీ లేదు నాన్నా అని చెప్పే అలవాటు నాది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నిన్నటి అంకుల్ మళ్లీ వస్తడా మమ్మీ?" అని అడిగింది.

"వస్తడు," అన్నాను. "తొమ్మిదింటికి వస్తడు. నాకు భయంగానే ఉంది. మీకు కూడా అయితే చెప్పండి, సిగ్గేం లేదు. ఇవ్వాళ బడి లేదు. ఇద్దరూ తాత చాప తెచ్చి అరుగు మీద పరవండి. అవ్వకు చెరోవైపు కూర్చోండి. బస్సు నంబరు ఎవరడిగినా చెప్పొద్దు. ఎవరొచ్చినా, ఏమన్నా, మన తలుపు మాత్రం మూయొద్దు."